ఎవరూ చెప్పకుండా మొదలయ్యే రోజు

సెమినోల్, టెక్సాస్
పత్తి తీతల కాలం, గురువారం మధ్యాహ్నం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు చెప్పి యుస్తీనా రాసుకునేది. దేవుని దయవల్ల ఇక్కడ ఇద్దరం ఒంట్లో బాగున్నాం. కడుపులో బిడ్డను కలిపితే ముగ్గురం. సరిహద్దుకు అవతల మన సంఘం కాలనీలో నువ్వూ, నాన్నా, హెయిన్ తమ్ముడూ అలాగే ఉన్నారని తలుస్తున్నాను.

కాళ్ళ వాపు తగ్గిందా అని అడిగావు. పొద్దున తగ్గుతుంది, సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. నువ్వు చెప్పినట్టే బోర్ష్ట్ పులుసులో సోంపాకు ఎక్కువ వేస్తున్నాను. బిడ్డ దుప్పటి అంచు ఒక్కటే మిగిలింది. నెలాఖరుకు నొప్పులు వస్తాయని ఆసుపత్రిలో చెప్పారు. ఆసుపత్రి దూరమే, ఫ్రాంజ్ తీసుకెళ్తారు అని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఇప్పుడు అలా రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆయన బండి గొడవ తేలిందా అని కూడా అడిగావు. తేలలేదమ్మా. ఆ రోజు పనివాడొకడు బండిలో బీరు ఒలకబోశాడని నీకు తెలుసు. షెరీఫ్ మనిషి, అదే ఇక్కడి పోలీసు, వాసన పట్టి, ఈ గొట్టంలో ఊదు అన్నాడు. ఈయన ఊదలేదు. “నేను తాగలేదని చెప్పాను. చెప్పాక మళ్ళీ రుజువేమిటి?” అన్నారట. మన మగవాళ్ళ సంగతి నీకు తెలియనిదా, ఒట్టు కూడా వేయరు, మాటంటే మాటే. ఆ షెరీఫ్ మనిషికి అదేం తెలుసు? లైసెన్సు తీసుకుని, కొన్నాళ్ళు బండి నడుపుకోవడానికి ఒక కాగితం ఇచ్చాడు. విచారణ కావాలంటే గడువులోగా అడగమన్నాడు.

సంఘ పెద్ద వీబే గారిని అడిగితే, “మనం ప్రభుత్వంతో వాదించే మనుషులమా ఫ్రాంజ్? ఎంత జరిమానా వేస్తే అంత కట్టి నోరు మూసుకో” అన్నారు. ఈయన విచారణ అడగలేదు. కోర్టు తేదీ చలికాలంలో ఉంది, జడ్జి చెప్పేదాకా ఏమీ కాదులే అని ధైర్యంగా ఉన్నారు.

పక్కింటి అగనేతక్క మన సంఘంలో లేదు, టైర్ల కొట్లో పని చేస్తుంది, ఇంగ్లీషు చదవగలదు. మొన్న ఆదివారం కాఫీకి వచ్చి ఆ కాగితం చూసి కప్పు కింద పెట్టేసింది.

“ఓయ్ ఫ్రాంజ్, జడ్జి వేరు, లైసెన్సు ఆఫీసు వేరు. వీళ్ళు జడ్జి కోసం ఆగరు. నువ్వు విచారణ అడగలేదుగా, గురువారం నుంచి నీ లైసెన్సు రద్దు మొదలు.”

“ఎవడైనా వచ్చి చెప్పాడా మొదలైందని?”

“ఎవడొస్తాడోయ్? దానంతట అదే మొదలవుతుంది. ఆ తర్వాత పట్టుబడితే జైలు. నువ్వు ఇక్కడ పుట్టినవాడివి కాదు, జైలు నుంచి తిన్నగా సరిహద్దు దాటిస్తారు. పెళ్ళాం ఇక్కడ కంటూ ఉంటుంది, నువ్వక్కడ మీ మామగారి ఆవులు పితుకుతుంటావు.”

ఈయన నవ్వి పొద్దుతిరుగుడు గింజలు నోట్లో వేసుకున్నారు. “నీ టైర్లకు గాలి కొట్టుకో అక్కా, నాకెందుకు కొడతావు?” అన్నారు. నాకు నవ్వు రాలేదు. పత్తి మిల్లు మలుపులో ఆ షెరీఫ్ మనిషి కారు రోజూ సాయంత్రం నీడన ఆగి ఉంటుంది. ఈయన ఇంటికి వచ్చే దారి అదే. సోమవారం అతను మా గేటు దగ్గర కారు నిదానించి, టోపీ ముట్టుకుని, “మీ ఆయన పనికి వెళ్తున్నాడా అమ్మా?” అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నేను తలదించుకుని లోపలికి వచ్చేశాను.

ఈ రోజే గురువారం. పొద్దున ఈయన తాళాలు తీసుకుంటుంటే వాకిట్లో అడ్డం నిలబడ్డాను.

“ఈ రోజుకు వద్దండీ.”

“మానేస్తే నూనెబావులకు నీళ్ళెవరు తోలతారు? ఆకాశం నిన్నటిలాగే ఉంది, రోడ్డూ నిన్నటిలాగే ఉంది. తప్పుకో పిచ్చిమొహమా.”

తప్పుకున్నాను. అమ్మా, ఇక్కడిదాకా రాసి, నీకు చెప్పాల్సింది చెప్పకుండా ఉత్తరం మడిచేద్దామనుకున్నాను. నాకు బండి నడపడం వచ్చు. వేసవంతా అగనేతక్క చేలగట్ల మీద నేర్పింది. నేను నాన్న పత్తి పనికి వచ్చిన ఏడాది ఇక్కడే పుట్టినదాన్ని కదా, లైసెన్సు ఇచ్చారు. పిండి డబ్బా కింద దాచాను. ఈయనకు కూడా తెలియదు. పొద్దున “తాళాలు నాకివ్వండి, నేను తోలతాను” అని ఒక్కమాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ ఇక్కడి సంఘం కూడా పనికోసం మగవాళ్ళకే బండి ఒప్పుకుంది, ఆడవాళ్ళకు కాదు. అంతలో లీసా పిన్ని కళ్ళముందు కదిలింది. ట్రాక్టరుకు కూడా రబ్బరు టైర్లు కూడదు, ఇనప చక్రాలే ఉండాలనే మన కాలనీలో, కారు నడిపిందని ఆమెను సంఘం నుంచి వెలివేసి, నీ ఇంట్లోనే గోడ పక్కన విడిగా చిన్న బల్ల వేశారు. ఆ రోజు ఆమెకు కంచం పెట్టింది నేనే. అది గుర్తొచ్చే వాకిట్లోంచి పక్కకు జరిగాను.

సాయంత్రం

పొద్దు వాలింది. రాత్రి భోజనానికి కీల్కె సేమ్యా ఉడికించి మూత పెట్టాను. చేలన్నీ కోసేశారు కనుక వంటింటి కిటికీలోంచి మిల్లు దాకా కనిపిస్తుంది. మలుపులో ఎర్ర దీపం, నీలి దీపం ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతున్నాయి. వాటి ముందు తెల్ల బండి ఆగి ఉంది, వెనక నీళ్ళ ట్యాంకు. చాలాసేపు చూశాను. అది కదలడం లేదు. ఇందాకటి నుంచి నడుం పట్టేస్తోంది, వదిలి మళ్ళీ పట్టేస్తోంది. ఇంకా నెలాఖరు కాలేదు.

అగనేతక్క కారు మా పెరట్లోనే ఉంది, అవసరమైతే తీసుకొమ్మని తాళం నాకిచ్చింది. పిండి డబ్బా కింది కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను. ముందు మలుపు దగ్గరికి వెళ్తాను, ఆయన్ని చూడనిస్తారేమో. అక్కడి నుంచి ఆసుపత్రికి. దారిలో వీబే గారి ఇల్లుంది, వాళ్ళు వరండాలో కూర్చునే వేళ ఇది. అందరూ చూస్తారు.

బిడ్డను చూపించడానికి ఎప్పుడో ఒకనాడు వస్తాను. నాకు గోడ పక్కన బల్ల వెయ్యి అమ్మా, ఏమీ అనుకోను. బిడ్డను మాత్రం నీ పక్కనే కూర్చోబెట్టుకో.

ఇట్లు,
ఇంకా నువ్వు అలాగే పిలిస్తే, నీ కూతురు
యుస్తీనా