నాన్నా అని పిలిచినందుకు

షామ్‌బర్గ్,
అక్టోబర్ 12.

అత్తయ్యగారికి,

రాగిణి నమస్కారాలు. మీ అబ్బాయితో విడాకుల కేసు నడుపుతూ మీ కాళ్ళకు దండం పెడుతున్నానంటే నాకే నవ్వొస్తోంది. అయినా పెడుతున్నాను. ఐసెలిన్‌లో మీరూ వదినగారూ కులాసా అనుకుంటాను. ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెడతారు, వాట్సాప్ ఇంటిల్లిపాదీ చదువుతారు. అందుకే ఈ ఉత్తరం.

లాయర్‌ని పెట్టుకున్న సంగతి మీరు వినే ఉంటారు. ఇక్కడ మనవాళ్ళలో లాయర్లు లేక కాదు. తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో ఎదురుపడే మనిషి ముందు నా కాపురం విప్పి పెట్టలేక, తెలుగు ముక్క రాని ఆవిడను వెతికి పట్టుకున్నాను. ఆ తెలివే నా కొంప ముంచింది.

రుత్విక్ ఎవరి దగ్గర పెరగాలో చెప్పడానికి కోర్టు ఒకావిడను నియమించింది. ఆవిడ వాడిని మీ అమ్మ నిన్నేమని పిలుస్తుందని అడిగిందట. నాన్నా అని పిలుస్తుందన్నాడు వెర్రి వెధవ. అంటే ఏమిటని ఆవిడ అడిగితే డాడ్ అని చెప్పాడు. ఇంకేముంది, మొగుడు వదిలి వెళ్ళిన చోట ఏడేళ్ళ పిల్లవాడిని కూర్చోబెడుతోందని రిపోర్టులో రాసేసింది. మోహన్ లాయర్ దాన్నే పట్టుకున్నాడు.

మా లాయర్ ఇది నిజమేనా అని అడిగితే మొదట నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. మాలో కొడుకుని ముద్దుగా అలాగే పిలుస్తారని ఎంత చెప్పినా, నువ్వు చెబితే చాలదు, ఇంకెవరైనా చెప్పాలంది. తరవాత ఇద్దరి లాయర్లతో కలిసి కూర్చున్నప్పుడు ఎదురుగా మోహన్ ఉన్నాడు. ఒక్క ముక్క అంటాడేమోనని చూశాను. బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు. మీరు ఫోన్ చేసి తిన్నావా నాన్నా అంటే కరిగిపోయే మనిషి. నాకు కడుపు మండిపోయింది అత్తయ్యా.

ఆ పిలుపు మానెయ్యమని లాయర్ చెప్పింది. మానేశాను. రుత్విక్ అంటుంటే ఎవరి పిల్లవాడినో పిలుస్తున్నట్లుంది. వాడు నా దగ్గరుండేది శని, ఆదివారాలే. మిగతా రోజులు ఈ అపార్ట్‌మెంట్‌లో తెలుగు మాట్లాడే నోరు నాదొక్కటే. ఆఫీస్ నుంచి వచ్చి టీవీ పెట్టుకుంటాను, ఎవరో ఒకరు మాట్లాడుతుంటారని. ఒంటరితనం అంటే ఏమో అనుకున్నాను, ఇంత చప్పగా ఉంటుందని తెలియదు.

వచ్చే నెల జడ్జి తేల్చేస్తుంది. మన ఇళ్ళలో కొడుకుల్ని ఇలాగే పిలుస్తామని ఒక్క కాగితం రాసి సంతకం పెట్టి పంపుతారా? మీ అబ్బాయి గురించి ఏమీ రాయొద్దు. మీరు ఆయనను ఏమని పిలుస్తారో రాస్తే చాలు.

బీపీ మాత్రలు మానకండి. వదినగారిని అడిగానని చెప్పకండి, గొడవవుతుంది.

మీ కోడలు అనిపించుకోవడం ఇంకా ఇష్టమైన
రాగిణి

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. ఆ పిలుపు మానమన్నది లాయర్ కాదు. మోహన్ మీద మీ మనసు విరుగుతుందని దాచాను. మొన్న ఆదివారం కార్ దిగుతూ రుత్విక్కే, నన్ను నాన్నా అని కాల్ చెయ్యకమ్మా, చేస్తే జడ్జ్ నన్ను నీ హౌస్‌కి సెండ్ చెయ్యదు, డాడీ చెప్పాడు అన్నాడు. సరేనన్నాను. ఆ కాగితం మీకు కష్టమైతే వద్దు అత్తయ్యా. వాడికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, మీరైనా నాన్నా అని పిలవండి.