ఎర్తు గుంతలో నీళ్లు

అన్నా,

మన చేలో ట్రాన్స్‌ఫార్మర్‌కి నిన్న పిడుగు నుంచి కాసే అరెస్టర్లు కొత్తవి బిగించారు. నిరుడు పాతవి మాడిపోయినప్పుడు, మిరపతోటలు ఎండుతున్నాయని ఊరంతా లైన్‌మన్‌ని బతిమాలి, అవి లేకుండానే కరెంటు కలిపించుకుంది. ఆ వారమే వాన మొదలైందని నువ్వు మోటారు ఆపబోయావు. తీగ వెంట వచ్చిన పిడుగు స్టార్టర్ దగ్గరే నిన్ను పట్టుకుంది.

నిన్న లైన్‌మన్ ఉప్పూ బొగ్గూ వేసి, పిడుగును నేలలోకి దించే ఎర్తు గుంత పూడ్చాడు. "ఈ గుంత ఎండితే అరెస్టర్లు పెట్టీ దండగే. నీళ్లు పోస్తా ఉండండి," అని చెప్పిపోయాడు.

ఇవాళ నీ సంవత్సరీకం. తర్పణం వేళకు అమ్మ కనపడలేదు. వెతుక్కుంటూ వెళితే, చేలో ఎర్తు గుంత మీద బిందె వంచుతోంది.

"ఏందమ్మా, అక్కడ పంతులు పిలుస్తుంటే?" అన్నాను.

"వాడికి నువ్వు వదలరా నీళ్లు. బతికున్నోళ్లకి నేను పోస్తన్నా," అంది.