నీ గారెల నాడు

అత్తా,

నీ సంవత్సరీకం నాడు పొద్దున్నే సీరకి లేత గులాబీ మరక కనిపించినాది. నెలసరి నాలుగు రోజులు ముందొచ్చిందనుకున్నాను. నీకోసం నానబెట్టిన మినప్పప్పు ఆడపడుచుకి అప్పగించి, వీధరుగు మీద నీ పాత సాప ఏసుకుని దూరంగా కూకున్నాను. నా సేత్తో నీకు గారెలు పెట్టలేకపోయానని ఏడుపొచ్చీసినాది.

మర్నాటికి మరక లేదు. నడుం నొప్పీ రాలేదు. రొమ్ములు మాత్రం బరువెక్కి సలిపాయి. నువ్వుంటే, "ఒసే, ముట్టయితే ఒక్క సుక్కతో ఆగిపోద్దేటే?" అని నవ్వేదానివి. తేదీ దాటేక నీ కొడుకు కిట్టు తెచ్చాడు. రెండు గీతలొచ్చాయి.

ఆ రోజు అరుగు మీద గారెల వాసన గాలికి తేలొస్తంటే, నిద్దరో మెలకువో తెలీకుండా కూకున్నాను. నేనొక్కదాన్నే అనుకున్నాను అత్తా.