మరకలనుకుని వదిలేసిన చుక్కలు

పోచంపల్లి,
ఆదివారం.

మల్లికా, నీకు అమ్మ దీవెనలు. ఇక్కడ బాపు, నేను బాగున్నాం. అహ్మదాబాద్ నీళ్లు పడ్డాయని రాశావు, మనసు కుదుటపడింది. నువ్వడిగిన బాపు మెడనొప్పి తగ్గింది. మూలింటి బీరమ్మకు మనవరాలు పుట్టింది.

ధ్రువాల దగ్గర ఆకాశంలో వెలుగులు చెలరేగే వేళలు నేను రాసినవీ, మీ తోటివాళ్లు రాసినవీ కలవడం లేదన్నావు. చాలాచోట్ల నావి ఒక బొమ్మ, అంటే రెండు నిమిషాలు, ఆలస్యమట. అయినా "మా అమ్మ చూపు తప్పదు" అని నీ చదువు చూసే సారుతో వాదించావట. నెలాఖరుకు పరిశోధన వ్యాసం పంపుతావట. అది చదివాక అన్నం సయించలేదు.

జ్వరంతో ఇంటికొచ్చినప్పుడు, "శాస్త్రం తెలియని కన్నొకటి కావాలమ్మా" అని ఉపగ్రహం తీసిన బొమ్మలు నా ముందు పెట్టావు. భూమి నెత్తిన గాజులాంటి వెలుగు వలయం. రెండు నిమిషాలకొక బొమ్మ. వలయం మొదట ఎప్పుడు మెరిసిందో రాయమన్నావు. నూట ఎనభై వరుసలు చూశాను. కొన్నింటిలో మెరుపుకు ముందు బొమ్మలోనే ఓ మసక చుక్క ఉండేది. రంగంటకుండా మనం నూలుకు కట్టిన చిటికి ముడి కిందికి రంగు పాకినట్టు. మరకను ఎవరైనా డిజైనులో కలుపుతారా? వదిలేశాను.

నువ్వు బయల్దేరే ముందురోజు బాపు నా వెనక నిలబడి చూశాడు.

"గది మరక గాదే. మరకైతే ఆడ్నే ఉంటది. గిది పక్క బొమ్మల పడమర దిక్కు పాకుతాంది సూడు."

"నూలుకు రంగులద్దెటోనికి ఆకాశం గూడ తెలుస్తదా?" అని ఎగతాళి చేశాను.

"ఆకాశం తెల్వదు. మరక తెలుసు."

ఆయన మగ్గం దగ్గరికి వెళ్లాక రెండు వరుసలు మళ్లీ చూశాను. ఆయన మాటే నిజం. వెలుగు ఆ చుక్క దగ్గరే పుట్టి పాకుతోంది. కంప్యూటర్ మూసేశాను. ఆ పొద్దునే నువ్వు బీరమ్మతో "మా అమ్మ ఒక్క తప్పు చెయ్యలే" అన్నావు. ఆ మాట పోగొట్టుకోబుద్ధి కాలేదు మల్లికా. నీకు చెప్పకుండానే బస్సెక్కించాను.

వదిలేసిన చుక్కలున్న బొమ్మల నంబర్లు అప్పుడే వేరే కాగితం మీద రాసిపెట్టుకున్నాను. అరవై మూడు. దీనితోపాటు పంపుతున్నాను. అన్నీ నిజమైనవి కాకపోవచ్చు, ఒక్కొక్కటీ నువ్వే చూడు. అందాకా వ్యాసం ఆపు. సారుతో నీళ్లు నమలకు. "మా అమ్మకు తెలిసీ చెప్పలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పెయ్. ఆ నామోషీ నాది, నీది కాదు.

ఇట్లు,
తప్పు చూసీ నోరు మూసుకున్న
మీ అమ్మ.