రోడ్డు మింగిన వాటా

అక్కా,

నువ్వూ బావా కులాసా అని తలుస్తాను. మన స్థలం సంగతి తేలింది. ఇన్నాళ్లూ భూమి రికార్డుల ఆఫీసువాళ్లు స్థలం మనదేనన్నారు. ప్లానింగు ఆఫీసువాళ్లు అక్కడ రోడ్డొస్తుందన్నారు. ఒకరి మ్యాపు ఒకరు చూసేవాళ్లు కాదు. నా వెల్డింగు షెడ్డు లైసెన్సు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయి. ఈమధ్య రెండు మ్యాపుల్నీ ఒకే కంప్యూటర్లో కలిపారు. నిన్న నన్ను పిలిచి చూపించారు.

"అదృష్టవంతుడివయ్యా! రోడ్డు నీ వాటాని తాకట్లేదు. లైసెన్సు ఇచ్చేస్తాం," అన్నాడు ఆఫీసరు.

"మరి పక్క వాటా సార్?"

"అది మొత్తం పోతుంది. ఎవరిది?"

"మా అక్కది," అన్నాను.

నువ్వు కుట్టుపని షాపు పెట్టుకుందామనుకున్న చోటే అది. పరిహారం ఇస్తారట, ఎప్పుడన్నది చెప్పలేదు.

లైసెన్సు తీసుకోవడానికి నాకు చేయి రాలేదు. నా వాటాలోనే, మధ్య గోడతో రెండు షాపులకి ఈ ఉదయం కొత్త అర్జీ పెట్టాను. "మళ్లీ మొదటికొస్తావా?" అని ఆఫీసరు తల పట్టుకున్నాడు. రోడ్డువైపు సగం నీది. వెల్డింగు చప్పుడు మాత్రం భరించాలి.

వద్దని రాయకు. ఆఫీసుల చుట్టూ ఇంకొన్నాళ్లు తిరగగలను గానీ, నీతో వాదించే ఓపిక నాకు లేదు.

నీ తమ్ముడు