పుచ్చని పళ్లు పీకనందుకు సంజాయిషీ

మకాం: ములగగుమ్మి, అనంతగిరి దరి
తేదీ: 14 నవంబరు 1927

జిల్లా వైద్యాధికారి దొరవారి సముఖమునకు, ములగగుమ్మి కొండ డిస్పెన్సరీ కాంపౌండరు గొర్లె సర్వేశ్వరరావు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: చిగుళ్ల వ్యాధికి పళ్లు పీకుట నిలుపు చేయించి, పంటి గార గీకు పనిముట్లు ఇప్పించుట గురించి.

1. తనిఖీ డాక్టరు గారి హుకుం ప్రకారం చిన్నమ్మలు అను రోగికి నేను పళ్లు పీకలేదనియు, తగిన సంజాయిషీ ఇవ్వకున్న పనిలోనుండి తీసివేయుదుమనియు మెమో వచ్చినది. పీకని మాట నిజము. ఎందుకు పీకలేదో మనవి చేయుచున్నాను.

2. గత వేసవిలో ఈ ఊరి సోములమ్మ, వయసు ముప్పది లోపు, డిస్పెన్సరీకి వచ్చినది. చిగుళ్లు వంకాయ రంగున ఉబ్బి, వేలితో నొక్కిన చోటనెల్ల చీము వచ్చుచుండెను. కుళ్లిన చేపల బుట్ట మూత తీసినట్లు కంపు. ఆ దినం తనిఖీకి వచ్చియుండిన డాక్టరు గారు మెట్లు దిగిపోయి, పనస చెట్టు క్రింద నిలిచి, అక్కడి నుండియే "కదిలేవన్నీ పీకెయ్" అనిరి. ఆమె నోరు చూడలేదు. నేను పీకితిని. రెండు పూటలలో తొమ్మిది పళ్లు.

3. పీకిన వాటిని కడిగి చూచితిని. ఒక్కదానికైనను పుచ్చు లేదు. చిగురు క్రింద దాగిన భాగమున మాత్రము గోధుమ రంగు గార, చింతగింజ పెంకు వలె గట్టిగా అంటియుండెను. దాని సందున కుళ్లు చేరి, చిగురు వదులై, పన్ను కదులుచున్నదని అప్పుడు తెలిసినది. నా చేతులను చూచినకొద్దీ రోత పుట్టినది.

4. మొన్న భాద్రపదములో అదే జబ్బుతో ఆమె చెల్లెలు చిన్నమ్మలు వచ్చినది. వెనుకనే సోములమ్మ వచ్చి గుమ్మమునకు అడ్డము నిలిచినది. చెంపలు లోనికి పోయి ముసలిదాని వలె ఉన్నది.

"నా నోరు పాడు సేసినావు బాబూ. సోడి అంబలి తాగడమే గాని నమిలింది నేదు. దీని నోట్లో సెయ్యెట్టకు" అన్నది.

"పీకను. గార గీకుతాను. నువ్వు పక్కనే కూకో. పీకితే నా సెయ్యి ఇరిసెయ్యి" అంటిని.

ఆమె గుమ్మము వదిలి ప్రక్కకు జరిగినది.

5. పనిముట్లు లేవు. ఊరి కమ్మరి భీముడి చేత రెండు సన్నని ఇనుప పుడకలు కొన వంచి చేయించి, మరిగే నీళ్లలో ఉడికించి, వారమునకొక మారు కూర్చుండబెట్టి గీకితిని. నెత్తురు, చీము, గార పెళ్లలు నా ముంజేతి మీదుగా కారినవి. రెండు మార్లు బయటికి పోయి వాంతి చేసుకొని, మరల వచ్చి గీకితిని. రోజుకు మూడు మార్లు ఉప్పు నీళ్లు పుక్కిలించమని, మెత్తగా నమిలిన వేప పుల్లతో చిగురు అంచున తోమమని చెప్పితిని. వచ్చినప్పుడెల్ల సోములమ్మయే చెల్లెలి పెదవి ఎత్తి చూపెడిది. నెల తిరుగునప్పటికి నెత్తురు నిలిచినది. కదులుచుండిన నాలుగు పళ్లలో మూడు గట్టిపడినవి. నాలుగవది ఇంకను కొంచెం కదులుచున్నది, అబద్ధమాడను.

6. ఈ సంగతి డాక్టరు గారికి చెప్పగా, "కొండోళ్ల నోళ్లు ఇంతే. పీకేస్తే తొందరగా తేలిపోయేది గదా" అనిరి. అయ్యా, చీము కడిగితే పోవును. వారి మాట మాత్రము నా చెవిలోనుండి పోవుట లేదు.

కావున పీకు హుకుం రద్దు చేయించి, గార గీకు పనిముట్లు ఒక జత, ఒక సీసా టింక్చరు పంపించ ప్రార్థన. నమ్మకము లేనియెడల తామే కొండ ఘాటీ ఎక్కి వచ్చి, చిన్నమ్మలు నోరు దగ్గరగా చూడ ప్రార్థన. ఉద్యోగము తీసినను సరే, పుచ్చని పంటికి పట్టుకారు వేయను.

తమరు చిత్తగించి ఉత్తరువు దయచేయుదురని కనిపెట్టుకొనియున్న

తమ విధేయుడు,
గొర్లె సర్వేశ్వరరావు

తా.క.: ఇది వ్రాయుచుండగా సోములమ్మ వచ్చి వరండాలో కూర్చున్నది. "ఏటి రాత్తన్నావు?" అని అడిగినది. అంతయు చదివి వినిపించితిని.

"నా పళ్లు నాకిచ్చీమని రాసినావా?" అన్నది.

అట్టి అర్జీ ఏ దొరకు పెట్టుకొనవలెనో నాకు తెలియలేదు. తమకే వ్రాసితిని.