సోమవారం 1.1 కిలోవాట్లు

నవంబర్ 4, 2024, సోమవారం. చిక్కసూగూరు

మధ్యాహ్నం పన్నెండున్నర. సోలార్ యాప్‌లో 1.1 కిలోవాట్లు. నిన్న ఇదే టైమ్‌కి 2.4. మబ్బు లేదు.

వారం నుంచి సాయంత్రం నాలుగింటికి కరెంటు తీసి ఏడింటికి ఇస్తున్నారు. ఆ మూడు గంటలూ నాన్న ఆక్సిజన్ మిషన్ మా బ్యాటరీ మీదే నడవాలి. ఇవాళ ఆరుంబావుకే బ్యాటరీ ఖాళీ. స్పేర్ సిలిండర్ తగిలించాను.

నవంబర్ 5

1.1. నాన్న ఇక్కడి థర్మల్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో రిటైరయ్యాడు. ముక్కులో గొట్టం ఉన్నా నోరు ఊరుకోదు. రెండొందల పది మెగావాట్ల యూనిట్ నడిపినోని కొడుకువు, మూడు కిలోవాట్లు నడుపొస్తలేదా అన్నాడు.

నవంబర్ 7, గురువారం

ప్యానెళ్లు బిగించిన అమరేశ్ వచ్చి చూశాడు. నేను పత్రికాఫీసులో ఉన్నాను. ఫోన్ చేసి, బూడిద ఉండె సార్, కడిగిన, ఇగ ఫికర్ లేదు అన్నాడు. మళ్లీ 2.4.

బూడిద. మా వీధిలోంచి ప్లాంట్ పొగగొట్టాలు కనిపిస్తాయి. స్టోరీ ఉంది.

నవంబర్ 11, సోమవారం

1.0. ఆరింటికే బ్యాటరీ అయిపోయింది. సిలిండర్ వాల్వ్ మీద నా వేళ్లు జారాయి. అది తిరిగేలోగా నాన్న పెదవులు నీలంగా మారాయి. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

నవంబర్ 12

అమరేశ్ మళ్లీ కడిగి వెళ్లాడు. 2.4.

ప్లాంట్ బూడిదైతే రోజూ పడాలి. సోమవారమే ఎందుకు పడుతుంది? డెస్క్ స్టోరీ అడిగింది. నిర్ధారణ కాలేదన్నాను.

నవంబర్ 17

2.4. రేపు సోమవారం. సెలవు పెట్టాను.

నవంబర్ 18, ఉదయం 7

స్పాట్‌కి వెళ్లు అని ముప్పై ఏళ్లుగా జూనియర్లకు చెబుతున్నాను. మోకాళ్ల నొప్పి వంకతో నేను మాత్రం మేడ ఎక్కలేదు. యాప్ చూస్తూ కూర్చున్నాను.

ఎక్కాను. అమ్మ తడిచీరతో ఉంది. చేతిలో గిన్నె, గిన్నెలో తడిపిన విభూది. ఆరు ప్యానెళ్లకూ మూడేసి పట్టెలు, మందంగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. కార్తీక సోమవారం. మీ నాయిన ఊపిరి దీని మీదనే నడుస్తది కద, దీనికి పెట్టకుంటె ఎట్ల అంది.

అమరేశ్‌కి ఫోన్ చేశాను. మీ ఇంట్ల పూజ మీకే తెల్వదా సార్ అని నవ్వాడు. అద్దం మీద ఒక్క వరస కప్పినా కరెంటు బాగా పడిపోతుందట.

అమ్మకు అదే చెప్పాను, అంతవరకే. ఆమె కొంగుతో అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. నాలుగో ప్యానెల్ దగ్గర ఆగి, పోయిన సోమవారం గూడ నేనే పెట్టిన అంది.

నేను ఐదో ప్యానెల్ తుడవడం మొదలుపెట్టాను.

నవంబర్ 25, సోమవారం

ప్యానెళ్లు శుభ్రంగా ఉన్నాయి. మూడు విభూది పట్టెలు ఇన్వర్టర్ స్క్రీన్ మీదికి వచ్చాయి. అంకె కనబడటం లేదు.

తుడవలేదు. యాప్ తెరవలేదు. సాయంత్రం ఏడు దాకా మిషన్ చప్పుడు వింటూ కూర్చున్నాను.